పరీక్ష ముగిసిన తరువాత పేగుకు కావలసింది ఓర్పు
కొలనోస్కోపీ చేయించుకున్నవారూ, వారి కుటుంబసభ్యులూ తెలుసుకోవలసిన విషయాలు

మానవ శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాని యోగక్షేమాలు చూసుకోవడం విశ్వాసి బాధ్యతలలో ఒకటి. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతుంటారని మహాప్రవక్త (స) హెచ్చరించారు. కంటికో, పంటికో, మోకాలికో నొప్పి వస్తే నలుగురిలో చెప్పుకునే మనం, మలవిసర్జనకు సంబంధించిన ఇబ్బంది వస్తే మాత్రం నోరు మెదపము. ముఖ్యంగా మన ఇళ్ళలోని పెద్దవయసు స్త్రీలు 'బయటికి సరిగా పోవడం లేదు' అన్న నాలుగు మాటలు కూతురితోనో, కోడలితోనో చెప్పుకోవడానికే నెలలు గడిపేస్తారు. చివరకు రక్తం కనిపించినప్పుడో, బరువు తగ్గినప్పుడో వైద్యుని వద్దకు వెళ్తారు. అప్పుడు ఆయన కొలనోస్కోపీ చేయించుకోమంటారు.

కమలాపురం వంటి ఊళ్ళలో ఉన్నవారికి ఈ పరీక్ష అంటే ప్రయాణమే. దగ్గరలో ఉన్నది సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని కడప. కొందరు తిరుపతికి, కర్నూలుకు వెళ్తారు. మరికొందరు వేలూరుకో, హైదరాబాదుకో ప్రయాణం కడతారు. పరీక్ష ముగుస్తుంది, భయపడవలసిందేమీ లేదని వైద్యులు చెబుతారు, కుటుంబమంతా 'అల్‌హమ్దులిల్లాహ్' అని ఊపిరి పీల్చుకొని ఇంటికి చేరుతుంది. ఆ తరువాత రెండు రోజులు గడిచినా రోగికి విరేచనం కాదు. ఇంట్లో ఆందోళన మొదలవుతుంది. ఒకరు ఆముదం తాగమంటారు, మరొకరు సనా ఆకు కషాయం కాచి ఇస్తారు, ఇంకొకరు మందుల దుకాణం నుండి విరేచనాల మాత్ర తెచ్చిపెడతారు. ఆ మూడు నాలుగు రోజులలో ఏమి చేయాలో, ఏమి చేయకూడదో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆగిపోలేదు, ఖాళీ అయింది

మొదట అర్థం చేసుకోవలసిన సంగతి ఇది. పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. చిన్నపేగు నుండి రోజూ లీటరుకు పైగా ద్రవం దానిలోకి చేరుతుంది. ఆ ద్రవంలోని నీటిని, లవణాలను పెద్దపేగు పీల్చుకొని, మిగిలినదాన్ని మలంగా మార్చి నిలువ ఉంచుతుంది. కొలనోస్కోపీలో చివర కెమెరా అమర్చిన సన్నని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి ఈ పేగు లోపలి పొరను పరిశీలిస్తారు. పొర స్పష్టంగా కనిపించాలంటే పేగులో ఏమీ మిగలకూడదు. అందుకే పరీక్షకు ముందు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడిని సుమారు రెండు లీటర్ల నీటిలో కలిపి తాగిస్తారు. ఈ పొడి ఒంటికి పట్టదు. నీటిని తనతోపాటే నిలుపుకొని పేగును పూర్తిగా కడిగివేస్తుంది.

కడిగిన కుండ తిరిగి నిండడానికి సమయం పడుతుంది. మనం తిన్న ఆహారం మలంగా మారి బయటకు రావడానికి మామూలుగానే ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. పరీక్షకు ముందు రెండు మూడు రోజులు పీచు తక్కువగా ఉన్న ఆహారం, చివరి రోజు ద్రవాలు మాత్రమే తీసుకొని ఉంటారు. కనుక పరీక్ష తరువాత రెండు మూడు రోజులు విరేచనం కాకపోవడం సహజమే. దానిని మలబద్ధకం అనుకోవడం పొరపాటు. బయటకు రావడానికి లోపల ఏమీ లేదు, అంతే.

ఆరోగ్యవంతులలో కూడా అందరికీ రోజూ ఒకసారి విరేచనం కావాలన్న నియమమేమీ లేదు. రోజుకు మూడుసార్ల నుండి వారానికి మూడుసార్ల వరకు ఎలా జరిగినా, మలం మెత్తగా ఉండి, ముక్కవలసిన అవసరం లేకపోతే, వైద్యశాస్త్రం దానిని మామూలుగానే పరిగణిస్తుంది.

నిజంగా మందగించడానికి కారణాలు

ఆహారం మళ్ళీ మొదలైన తరువాత కూడా పేగు మందకొడిగా ఉంటే, దానికి సాధారణంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది మత్తుమందు. పరీక్ష సమయంలో నొప్పి తెలియకుండా ఇచ్చే కొన్ని మందులు కొంతసేపు పేగు కదలికలను నెమ్మదింపజేస్తాయి. ఆ తరువాత ట్రమడాల్, కోడీన్ వంటి నొప్పి మందులు వాడితే అవి మరింత బిగింపు కలిగిస్తాయి.

రెండవది నీటి కొరత. పేగు కడుక్కునే క్రమంలో ఒంట్లోని నీరు, లవణాలు కూడా కొంత పోతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన రాయలసీమ ఎండలో చెమట రూపంలో మరికొంత పోతుంది. ఒంటికి నీరు చాలనప్పుడు పెద్దపేగు ఉన్న నీటినంతా పీల్చుకుంటుంది, మలం గట్టిపడుతుంది.

మూడవది ప్రయాణం. ఇది మన స్త్రీల విషయంలో మరీ ముఖ్యం. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదన్న భయంతో బస్సు ఎక్కడానికి ముందు నుండే నీళ్ళు తాగడం మానేస్తారు. తిరుపతి నుండో, వేలూరు నుండో ఇల్లు చేరేదాకా నాలుగైదు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు గుక్కెడు నీరు ముట్టరు. మత్తు ప్రభావం ఉన్న ఒంటికి ఇది రెట్టింపు కష్టం. వీలైతే ఆ రాత్రి ఆసుపత్రి ఉన్న ఊరిలోనే ఆగి మర్నాడు బయలుదేరడం మేలు. తప్పనిసరైతే మరుగుదొడ్డి సౌకర్యం ఉన్న రైలును ఎంచుకోవచ్చు. కమలాపురానికి రైలుమార్గం ఉండనే ఉంది. మత్తు ఇచ్చినవారు 24 గంటలపాటు వాహనం నడపకూడదు. ఆస్తి కాగితాల వంటి ముఖ్యమైన పత్రాలపై సంతకాలు చేయకూడదు. ఒంటరిగా ప్రయాణించకూడదు.

నాలుగవది, పరీక్షకు ముందు నుండీ ఉన్న మలబద్ధకం. పేగు కడిగినంత మాత్రాన పాత అలవాటు పోదు. రక్తహీనతకు వాడే ఐరన్ మాత్రలను పరీక్షకు దాదాపు వారం ముందు ఆపమంటారు. తరువాత తిరిగి మొదలుపెట్టినప్పుడు మలం గట్టిపడడం చాలామందికి అనుభవమే. మధుమేహం, థైరాయిడ్ లోపం, కొన్ని రక్తపోటు మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా కారణం కావచ్చు. కనుక మీరు వాడే మందులన్నిటి జాబితాను వైద్యునికి చూపించాలి.

ఇబ్నె సీనా జీవితం చెప్పే పాఠం

ఈ సందర్భంలో మన వైద్య చరిత్రలోని ఒక ఘటనను గుర్తుచేసుకోవడం ఉపయోగకరం. యూరపు దేశాల విద్యాలయాలలో సైతం శతాబ్దాల తరబడి పాఠ్యగ్రంథంగా నిలిచిన 'అల్ ఖానూన్' రచయిత ఇబ్నె సీనా పేగు వ్యాధులపై విశేషంగా శ్రమించారు. పేగు బిగింపుతో కలిగే నొప్పిని ఆనాటి వైద్యులు 'ఖూలంజ్' అనేవారు. పెద్దపేగుకు గ్రీకులు పెట్టిన 'కోలన్' అనే పేరు నుండే ఆ మాట వచ్చింది, 'కొలనోస్కోపీ' అన్న మాటకూ మూలం అదే. ఖూలంజ్‌పై ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు.

విధి విచిత్రమేమంటే, అదే వ్యాధి ఆయనకూ సోకింది. ఇస్ఫహాన్ పాలకుని వెంట సైనిక ప్రయాణంలో ఉండగా, త్వరగా కోలుకోవాలన్న ఆతురతతో ఆయన ఒకే రోజు ఎనిమిదిసార్లు ఎనిమా చేయించుకున్నారనీ, దానివల్ల పేగులో పుండ్లు పడ్డాయనీ ఆయన శిష్యుడు అల్ జూజ్జానీ నమోదు చేశారు. ఆ తరువాత కొంత కోలుకున్నా వ్యాధి తిరగబెడుతూ వచ్చింది. 1037లో హమదాన్‌లో ఆయన మరణించారు. అంతటి వైద్య శిఖామణికే తొందరపాటు హాని చేసినప్పుడు, మనం ఇరుగుపొరుగు సలహాపై ఆముదమో, ఎనిమానో ప్రయోగించడం ఎంత ప్రమాదకరమో ఊహించుకోవచ్చు.

1969లో అమెరికాలోని న్యూయార్కులో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు కొలనోస్కోపీ గొట్టం ద్వారానే పాలిప్‌లను, అంటే పేగు లోపలి పొరపై మొలిచే పిలకలను, తీగ ఉచ్చుతో తొలగించే పద్ధతిని ప్రవేశపెట్టారు. పొట్ట కోయకుండానే, కొన్ని పాలిప్‌లు క్యాన్సరుగా మారకముందే వాటిని తీసివేసే అవకాశం దానితో కలిగింది. ఈ పరీక్ష గొప్ప మేలు అదే. అయితే పాలిప్ తీసినచోట పుండు మానడానికి సమయం పడుతుంది. అలాంటి పేగుపై సొంతంగా తీవ్రమైన విరేచనకారి మందులు ప్రయోగించడం ఏమాత్రం తగదు.

మొదటి రోజు నుండి నాలుగో రోజు వరకు

పరీక్షలో పేగును విప్పార్చడానికి గాలిని గానీ, కార్బన్ డయాక్సైడ్ వాయువును గానీ పంపుతారు. అందువల్ల తొలిరోజు కడుపు ఉబ్బరంగా ఉండడం, అపానవాయువు ఎక్కువగా పోవడం మామూలే. దానిని బిగబట్టకూడదు. మత్తు పూర్తిగా దిగిన తరువాత ఇంట్లోనే ఒకరి తోడుతో నెమ్మదిగా నడవాలి. ఎడమవైపు తిరిగి పడుకొని మోకాళ్ళను పొట్టవైపు ముడుచుకుంటే వాయువు సులభంగా పోతుంది.

తొలిరోజు ఆహారం తేలికగా ఉండాలి. గంజి, మెత్తటి పెసరపప్పు ఖిచిడీ, ఇడ్లీ, మజ్జిగ అన్నం వంటివి సరిపోతాయి. బార్లీతో చేసే తల్‌బీనా రోగి మనసుకు ఊరటనిస్తుందని హదీసులలో ఉంది. దానిని పలుచగా కాచి ఇవ్వవచ్చు. క్షేమంగా వచ్చారన్న సంతోషంతో అదే రాత్రి బిర్యానీ, పాయా, మైదా పరోటా వడ్డించడం మంచిది కాదు.

రెండవ రోజున బాగా మాగిన అరటిపండు, బొప్పాయి, ఉడికించిన సొరకాయ, బీరకాయ చేర్చవచ్చు. మూడు, నాలుగు రోజులలో క్రమంగా మామూలు భోజనానికి రావాలి. పీచును ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం, నొప్పి కలుగుతాయి. పాలిప్ తీసినవారు, బయాప్సీ కోసం ముక్క తీసినవారు ఆహారం విషయంలోనూ, బరువులు ఎత్తే విషయంలోనూ తమ వైద్యుడు ఇచ్చిన సూచనలనే పాటించాలి.

గుండె, మూత్రపిండాల వ్యాధుల కారణంగా నీటిపై పరిమితి ఉన్నవారు తప్ప, మిగిలినవారు రోజుకు రెండు నుండి రెండున్నర లీటర్ల ద్రవాలు తీసుకోవాలి. ఒక్కసారిగా చెంబెడు తాగడం కంటే గంటకో గ్లాసు చొప్పున తాగడం మేలు. నీళ్ళు, మజ్జిగ, ఓఆర్ఎస్ ద్రావణం మంచివి. మూత్రం లేత రంగులో వస్తుంటే నీరు సరిపోతున్నట్లు గుర్తు.

మన వంటింట్లోనే ఉన్న ఔషధం

కడప జిల్లా మెట్ట పొలాలు మనకు ఇచ్చిన ఆహారం పేగుకు ఎంతో అనుకూలమైనది. రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్ర అన్నం, అలసందలు, ఉలవలు, గోంగూర, తోటకూర ఇవన్నీ పీచు సమృద్ధిగా ఉన్నవే. కానీ పాలిష్ పట్టిన బియ్యం, మైదా, బేకరీ సరుకులు మన పళ్ళేలలో వాటి స్థానాన్ని ఆక్రమించాయి. వారంలో నాలుగు రోజులు కుష్కా, మాంసం కూర మాత్రమే తిని, కూరగాయ ముట్టని ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు. మాంసంలో పీచు అసలు ఉండదు. మాంసం వండిన రోజున కూడా పక్కనే ఒక ఆకుకూర, ఒక పప్పు ఉండేలా చూసుకోవాలి. చీనీ పండును రసం తీసి తాగడం కంటే తొనలుగా తింటే పీచు దక్కుతుంది. రాత్రి నానబెట్టిన రెండు అంజీర్ పండ్లు కూడా సహాయపడతాయి. మధుమేహం ఉన్నవారు పండ్ల పరిమాణం విషయంలో వైద్యుని సలహా తీసుకోవాలి.

పొట్టలో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) బోధన మనకు తెలిసినదే. మనం ఆహారం వాటాను దాటిపోతున్నాము, నీటి వాటాను మరచిపోతున్నాము.

ఆహారంతోపాటు సమయపాలన కూడా అవసరం. కడుపులోకి ఆహారం చేరగానే పెద్దపేగు కదలడం శరీర సహజ లక్షణం. ఉదయం వేళ ఈ కదలిక బలంగా ఉంటుంది. కనుక ఫజ్ర్ నమాజు తరువాత గోరువెచ్చని నీరో, అల్పాహారమో తీసుకొని, అరగంట లోపు మరుగుదొడ్డికి వెళ్ళడం అలవాటు చేసుకోవాలి. పది నిమిషాలకు మించి కూర్చోకూడదు, బలంగా ముక్కకూడదు, చేతిలో ఫోను ఉండకూడదు. కమోడు వాడే పెద్దవారు పాదాల కింద చిన్న పీట పెట్టుకుంటే, గొంతుకూర్చున్న భంగిమ ఏర్పడి విసర్జన సులువవుతుంది. పేగు ఖాళీగా ఉన్న ఈ రోజులు కొత్త అలవాటుకు మంచి ఆరంభం.

మందుల విషయంలో జాగ్రత్త

సనా ఆకు ప్రస్తావన హదీసులలో ఉంది. యునానీ వైద్యంలో సనా మక్కీగా, మన ప్రాంతంలో సునాముఖిగా, నేలతంగేడుగా అది ప్రసిద్ధం. అల్లాహ్ దానిలో ఉంచిన గుణాన్ని ఎవరూ కాదనరు. అయితే ప్రతి ఔషధానికీ ఒక సమయం, ఒక మోతాదు ఉంటాయి. సనా పేగు కండరాలను ప్రేరేపించి కదిలిస్తుంది. ఖాళీగా ఉన్న పేగును కదిలిస్తే మెలిపెట్టే నొప్పి, నీరు కోల్పోవడం తప్ప ప్రయోజనం ఉండదు. ఆముదానికీ, బిసకోడిల్ వంటి మాత్రలకూ ఇదే వర్తిస్తుంది. వైద్యుడు చెప్పనిదే ఈ రోజులలో వాటిని వాడకూడదు.

ఇసబ్గోలు పొట్టు మలాన్ని మెత్తబరుస్తుంది. వైద్యుడు అనుమతిస్తే ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే తాగి, ఆపై మరో గ్లాసు నీరు తాగాలి. తగినంత నీరు లేకుండా మింగితే అది గొంతులోనో, పేగులోనో ముద్దకట్టి అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇతర మందులకూ దానికీ మధ్య రెండు గంటల వ్యవధి ఉండాలి. పాత మలబద్ధకం ఉన్నవారికి లాక్టులోజ్ గానీ, తక్కువ మోతాదులో పాలీఇథిలీన్ గ్లైకాల్ గానీ వైద్యులు సూచిస్తుంటారు. మామూలుగా తింటూ కూడా నాలుగో రోజుకు విరేచనం కాకపోతే, పరీక్ష చేసిన వైద్యునికి ఫోను చేసి ఆయన చెప్పినదే వాడాలి.

నమాజు, వుజూ, ఉపవాసం

మత్తుతో స్పృహ కోల్పోతే వుజూ భంగమవుతుంది. కనుక మెలకువ వచ్చి, తల తిరగడం తగ్గిన తరువాత వుజూ చేసుకొని, తప్పిపోయిన నమాజు పూర్తిచేయాలి. నిలబడలేనివారు కూర్చొని చేయవచ్చు. వాయువు మాటిమాటికీ పోతున్నప్పుడు దానిని బలవంతాన ఆపుకుంటూ నమాజు చేయనవసరం లేదు. వేళ మించకుండా కొంతసేపు నడిచి, కడుపు తేలికైన తరువాత చేయడం మంచిది. వుజూ ఏమాత్రం నిలవనివారికి షరీఅత్ వెసులుబాటు కల్పించింది. వివరాలు మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. మలమూత్రాలను బిగబట్టుకొని నమాజుకు నిలబడవద్దని ప్రవక్త (స) బోధించారు. సంకేతం రాగానే వెళ్ళకుండా వాయిదా వేయడమే మలబద్ధకానికి ముఖ్య కారణాలలో ఒకటని వైద్యులూ చెబుతున్నారు. పెళ్ళిళ్ళలో, ప్రయాణాలలో, దుకాణంలో బేరాల మధ్య వాయిదా వేసేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

అత్యవసరం కాకపోతే ఈ పరీక్షను రమజాన్ నెలలో పెట్టుకోకపోవడమే మేలు. తప్పనిసరైతే రోగికి ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతిని దివ్య ఖుర్ఆన్ ఇచ్చింది, ఆ రోజాలను తరువాత పూర్తిచేసుకోవచ్చు. పరీక్ష అయిన వెంటనే నఫిల్ ఉపవాసాలు కూడా మొదలుపెట్టకుండా, పేగు తన క్రమానికి వచ్చేవరకు ఆగాలి. స్త్రీలు పరీక్ష సమయంలో మహిళా సిబ్బంది ఉండాలని నిస్సంకోచంగా అడగవచ్చు. చికిత్సకు అవసరమైనంత మేరకు వైద్యుల ముందు శరీరం తెరవడానికి ధర్మం అనుమతిస్తుంది. సిగ్గుపడి పరీక్షనే మానుకోవడం సరికాదు.

ఓర్పు చాలు, ఇక ఆలస్యం వద్దు అనే ఘడియ

ఓర్పు వేరు, నిర్లక్ష్యం వేరు. ఈ కింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకూడదు:

• తగ్గకుండా పెరుగుతున్న తీవ్రమైన కడుపునొప్పి
• పొట్ట గట్టిగా ఉబ్బి, వాయువు కూడా పోకపోవడం
• ఆగని వాంతులు
• చలితో కూడిన జ్వరం
• చెంచాడుకు మించి రక్తం, రక్తపు గడ్డలు, లేదా తారులా నల్లని మలం
• కళ్ళు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి, ఆయాసం

పేగుకు రంధ్రం పడడం చాలా అరుదు. కానీ పడినప్పుడు గంటలే విలువైనవి. పాలిప్ తీసినవారికి రెండు వారాల వరకు కూడా రక్తస్రావం జరిగే అవకాశం ఉంది. కనుక తొలి రెండు రోజులు బాగానే ఉన్నాయి కదా అని ఏమరుపాటు పనికిరాదు. రాత్రివేళ అయినా 108కి ఫోను చేసి, కడప రిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. కొలనోస్కోపీ రిపోర్టు వెంట తీసుకెళ్ళాలి. ఏ రోజున పరీక్ష జరిగింది, పాలిప్ తీశారా లేదా అన్న వివరాలు అక్కడి వైద్యులకు ఎంతో అవసరం. రక్తం పలుచబడే మందులు వాడేవారు వాటిని తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకొనే ఇంటికి రావాలి.

బయాప్సీ ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. 'ఒంట్లో బాగానే ఉంది' అని దానిని తీసుకోకుండా వదిలేసేవారున్నారు. అది సరికాదు. మళ్ళీ ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలో నిర్ణయించేది ఆ కాగితమే.

ఇంటివారికి ఒక మాట

కోలుకుంటున్న మనిషి అడగక ముందే అడగడం ఇంటివారి కర్తవ్యం. 'అమ్మీ, ఈరోజు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగావు? కడుపు తేలికగా ఉందా?' అని కూతురు అడిగితే తల్లి చెబుతుంది. 'అబ్బా, నొప్పి ఏమైనా ఉందా?' అని కొడుకు అడిగితే తండ్రి దాచడు. మలబద్ధకం, రక్తం, బరువు తగ్గడం, యాభై ఏళ్ళు దాటాక మలవిసర్జన తీరులో కొత్తగా వచ్చిన మార్పు, వీటి గురించి ఇంట్లో మాట్లాడుకోగలిగితే, వ్యాధి ముదరకముందే వైద్యుని చేరుకోగలుగుతాము. ప్రతి వ్యాధికీ అల్లాహ్ నివారణను కూడా దించాడని ప్రవక్త (స) తెలియజేశారు. దానిని వెతుక్కోవలసిన బాధ్యత మనది.

మరుగుదొడ్డి నుండి వెలుపలికి రాగానే అల్లాహ్ క్షమాభిక్ష వేడుకోవాలని మన ధర్మం నేర్పింది. రోజూ అలవాటుగా పలికే ఆ దుఆ విలువ, కొన్నాళ్ళు పేగు మొరాయించిన మనిషికి మరింత బాగా తెలుస్తుంది. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.